పెల్లెట్ గ్రిల్ వీడియోల్లో ఎవరి మాట వినాలి?

ప్రశ్న: మేము టెక్సస్‌లో డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. కిందటేడు ఇల్లు కొనుక్కున్నాం, వెనక చిన్న పెరడు ఉంది. పెల్లెట్ గ్రిల్ (కట్టె పొట్టు గుళికలతో మండే గ్రిల్) కొనాలని మా వారికి చాలా కోరిక. వెయ్యి డాలర్ల లోపు అనుకుంటున్నాం. రెండు నెలలుగా రాత్రిళ్లు పిల్లలు పడుకున్నాక ఇద్దరం యూట్యూబ్‌లో రివ్యూలు చూస్తున్నాం. ఎక్కువగా ఎవరో వాళ్ల పెరట్లో నిలబడి తీసుకున్న వీడియోలే. ఒకాయన అద్భుతం అన్న గ్రిల్‌నే ఇంకొకాయన పొగ వాసనే రాలేదు, అమ్మేశాను అంటాడు. కొందరు కంపెనీ పంపించిందని చెప్తారు, కొందరు ఏమీ చెప్పరు. పెద్ద ఛానెళ్లను నమ్మాలా, నాలుగొందల మంది కూడా చూడని మామూలు మనుషుల వీడియోలను నమ్మాలా? మేం వండేది చికెన్, గోట్. వారాంతాల్లో పది పదిహేను మంది వస్తుంటారు. మా అత్తగారు మాంసం ముట్టరు. చూసేకొద్దీ టెన్షన్ పెరుగుతోంది తప్ప ఒక నిర్ణయానికి రాలేకపోతున్నాం.
– ఒక పాఠకురాలు

సమాధానం: నాలుగొందల మంది కూడా చూడని వీడియోలనే ఎక్కువ చూడమంటాను. అయితే తీర్పు కోసం వాటిని చూడకండి. "పదికి తొమ్మిది ఇస్తాను", "ఈ ధరలో ఇంతకన్నా మంచిది దొరకదు" లాంటి మాటలు వచ్చినప్పుడు పట్టించుకోకుండా ముందుకు పోనివ్వండి. ఆ మనిషి చెప్పాలని అనుకోకపోయినా కెమెరాకు దొరికిపోయిన సంగతులే మీకు పనికొస్తాయి. గ్రిల్ కింద సిమెంటు మీద జిడ్డు మరకలున్నాయా, మూత అంచున తుప్పు మొదలైందా, వేడిని అదుపు చేసే కంట్రోలర్ మీద ఏ అంకె కనిపిస్తోంది, మాంసం పెట్టినప్పుడు వెలుతురు ఎలా ఉంది, తీసినప్పుడు చీకటి పడిందా. శుభ్రంగా సర్దిపెట్టుకుని తీసే పెద్ద ఛానెల్ వీడియోల్లో ఇవేవీ కనిపించవు.

మిమ్మల్ని ఎక్కువ తికమక పెట్టింది పొగ సంగతిలా ఉంది, అందుకని ముందు అదే చెప్తాను. ఒకే గ్రిల్ గురించి ఇద్దరు రెండు రకాలుగా మాట్లాడితే ఒకరు అబద్ధం చెప్తున్నారని అనుకోనక్కర్లేదు. ఈ గ్రిల్ పనిచేసే తీరే అలాంటిది. 1980ల మధ్యలో ఆరెగాన్ రాష్ట్రంలోని మౌంట్ ఏంజెల్ అనే చిన్న ఊళ్లో జో ట్రేగర్ దీన్ని తయారుచేశాడు. చాలా ఏళ్లు ట్రేగర్ కంపెనీదే రాజ్యం. పేటెంట్ గడువు తీరాక పిట్ బాస్, క్యాంప్ చెఫ్, రెక్‌టెక్, జీ గ్రిల్స్ లాంటివి ఎన్నో మార్కెట్లోకి వచ్చాయి. పేర్లు వేరైనా లోపలి అమరిక దాదాపు ఒకటే. రంపపు పొట్టును గట్టిగా నొక్కి చేసిన పెల్లెట్లను పక్కనున్న హాపర్ అనే డబ్బాలో పోస్తాం. ఆగర్ అనే పెద్ద మర తిరుగుతూ వాటిని ఫైర్‌పాట్ అనే చిన్న గిన్నెలోకి తోస్తుంది. ఇగ్నైటర్ నిప్పు రాజేస్తుంది, ఫ్యాన్ గాలి ఊదుతుంది. వేడిని బట్టి ఎన్ని పెల్లెట్లు వెయ్యాలో కంట్రోలర్ చూసుకుంటుంది.

చిన్న మంట, బాగా గాలి, బాగా ఎండిన కట్టె. అందుకే ఇది చాలా శుభ్రంగా మండుతుంది, పొగ తక్కువ వస్తుంది. 180 నుంచి 225 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య నడిపితే పొగ బాగానే పడుతుంది. 400 దాటితే పేరుకే ఉంటుంది. పది గంటలు నెమ్మదిగా పంది మాంసం వండినాయన పొగ వాసన బ్రహ్మాండం అంటాడు. అదే గ్రిల్ మీద అరగంటలో బర్గర్లు కాల్చినాయన ఏమీ లేదంటాడు. ఇద్దరూ నిజమే చెప్పారు. ఇంకో సంగతి కూడా చూడండి. ఆ మనిషి ఇంతకుముందు దేనిమీద వండేవాడు? దుంగలు పెట్టి మండించే ఆఫ్‌సెట్ స్మోకర్ వాడినవాడికి ఏ పెల్లెట్ గ్రిల్ అయినా చప్పగానే అనిపిస్తుంది. గ్యాస్ గ్రిల్ నుంచి వచ్చినవాడికి అదే ఘుమఘుమలాడుతుంది. ఏ వీడియోలోనైనా వేడి ఎంత, వండింది ఏమిటి, అంతకుముందు వాడింది ఏమిటి అన్న మూడు సంగతులు తెలియకపోతే పొగ గురించి ఆయన అన్న మాటకు విలువ లేదు.

మాంసాన్ని అడ్డంగా కోసి అంచున గులాబీ రంగు చుట్టు చూపించి "చూశారా స్మోక్ రింగ్" అంటారు. చూడ్డానికి బాగుంటుంది కాబట్టి ప్రతి వీడియోలోనూ ఉంటుంది. కట్టె మండినప్పుడు వచ్చే నైట్రిక్ ఆక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్ మాంసానికి ఎరుపునిచ్చే మయోగ్లోబిన్‌తో కలిసినందువల్ల ఆ రంగు వస్తుంది. రుచితో దానికి సంబంధం లేదు. రింగు చక్కగా ఉండి పొగ వాసన లేని మాంసం ఉంటుంది, రింగు లేకపోయినా మంచి వాసనున్న మాంసం ఉంటుంది. దాన్ని చూసి గ్రిల్‌కు మార్కులు వెయ్యకండి.

ఇప్పుడు డబ్బు సంగతి. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధనల ప్రకారం, కంపెనీ డబ్బిచ్చినా, గ్రిల్ ఊరికే పంపినా ఆ సంగతి చూసేవాళ్లకు స్పష్టంగా తెలిసేలా చెప్పాలి. 2023లో ఆ మార్గదర్శకాలను సవరించారు. నకిలీ రివ్యూలను నిషేధించే నిబంధన 2024 అక్టోబరు నుంచి అమల్లో ఉంది. యూట్యూబ్‌లో యాడ్ల డబ్బులో వాటా రావాలంటే మామూలు వీడియోలకు కనీసం 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి. నాలుగొందల మంది చూసే మనిషికి ఆ ఆదాయం లేనట్టే. అయితే వీడియో కింద కొనుగోలు లింకు, డిస్కౌంట్ కోడ్ పెట్టారేమో చూడండి. ఛానెల్ ఎంత చిన్నదైనా, ఆ లింకు ద్వారా మీరు కొంటే ఆయనకు కమీషన్ అందుతుండొచ్చు.

గ్రిల్ ఊరికే అందుకున్నవాళ్లంతా అబద్ధాలు చెప్తారని నేను అనను. వాళ్లలో నిజాయితీపరులు చాలామంది ఉన్నారు. నా దిగులు వేరే. వాళ్ల పెరట్లో గ్రిల్లు ఒకటి కాదు, వరసగా ఉంటాయి. కొత్తది రాగానే పాతది మూల చేరుతుంది. అందుకని మూడో ఏడు ఏ గ్రిల్ ఎలా ఉందో చెప్పగలిగేంతగా వాళ్లు దేన్నీ వాడరు. సొంత డబ్బుతో ఒక్కటే కొనుక్కుని, ప్రతి శనివారం దానిమీదే వండుకునే మనిషికి అది తెలుస్తుంది. చిన్న వీడియోల మీద నాకున్న గౌరవమంతా అందుకే.

ఆ చిన్న వీడియోల్లో కూడా చాలావరకు మొదటి వారంలో తీసినవే. కొత్త ఒక వింత అంటారు కదా. పెట్టె విప్పిన ఉత్సాహం, రంగు మెరుస్తుంటుంది, లోపల బూడిద లేదు, జిడ్డు లేదు. ఆ వారంలో ఏ గ్రిల్ అయినా బాగానే పనిచేస్తుంది. 2020లో ఏం జరిగిందో చెప్తాను. 1952లో జార్జ్ స్టీఫెన్ చేసిన గుండ్రటి కెటిల్ గ్రిల్‌తో పేరు తెచ్చుకున్న వెబర్ కంపెనీ, ఆ ఏడాది మొదట్లో స్మోక్‌ఫైర్ అనే పెల్లెట్ గ్రిల్ తెచ్చింది. అందరూ ఎంతో ఆశగా ఎదురుచూశారు. అది ఇళ్లకు చేరాక, కొనుక్కున్నవాళ్ల పెరళ్ల నుంచి వేరే వీడియోలు రావడం మొదలైంది. లోపల పేరుకున్న కొవ్వు అంటుకుని మంటలు లేవడం, హాపర్‌లో పెల్లెట్లు కిందికి జారకుండా నిలిచిపోవడం అందరికీ కనిపించాయి. కంపెనీ ఆ తర్వాత మార్పులు చేసింది, 2024లో సియర్‌వుడ్ పేరుతో కొత్త రకం తెచ్చింది. వంట పూర్తికాకముందే మంట లేచిన వీడియో తీసి పెట్టిన ఆ మామూలు మనుషులు, ఆ రోజుల్లో కొనబోతున్న ఎంతోమందికి మేలు చేశారు.

అందుకని మీరు వెతికే పద్ధతి మార్చండి. గ్రిల్ పేరు పక్కన "రివ్యూ" అని కొట్టకండి. "వన్ ఇయర్ లేటర్", "క్లీనింగ్", "రస్ట్", "ఎర్రర్ కోడ్", "ఇగ్నైటర్ రీప్లేస్‌మెంట్" అని కొట్టి చూడండి. అక్కడ దొరికేవి చూడ్డానికి అంత బాగుండవు. చేతులకు మసి అంటించుకుని, జాలీలు తీసి పక్కన పెట్టి, ఫైర్‌పాట్ మీద అడ్డంగా ఉండే లోపలి రేకు పైకెత్తి, ఫైర్‌పాట్‌లోని బూడిదను వ్యాక్యూమ్‌తో లాగుతూ ఉంటారు. ఆ పని చెయ్యడానికి ఎన్ని మరలు విప్పాల్సి వచ్చిందో చూడండి. వారం వారం ఆ పని చెయ్యాల్సింది మీరే. క్యాంప్ చెఫ్ గ్రిల్స్‌లో అడుగున పిడి లాగితే ఫైర్‌పాట్ బూడిద కింది కప్పులో పడే ఏర్పాటు ఉంది. కొనేటప్పుడు చిన్న సౌకర్యంలా అనిపిస్తుంది, ఏడాది వాడినవాళ్లు దాని గురించే ఎక్కువ చెప్తారు.

శుభ్రం గురించి ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణం ఉంది. బూడిద పేరుకుంటే నిప్పు ఆరిపోతుంది. ఆరిన సంగతి మీకు తెలిసేలోపు ఆగర్ పెల్లెట్లు తోస్తూనే ఉంటుంది, గిన్నె నిండిపోతుంది. అప్పుడు తెలియక మళ్లీ స్విచ్ వేస్తే అన్నీ ఒక్కసారిగా అంటుకుంటాయి. నిప్పు ఆరితే గ్రిల్ చల్లారాక గిన్నె ఖాళీ చేసి, అప్పుడే మళ్లీ రాజెయ్యాలి. కొవ్వు అంటుకుని మంట లేస్తే స్విచ్ ఆపి, మూత తెరవకుండా ఉంచాలి. నీళ్లు చల్లకూడదు. పిల్లలున్న ఇల్లు కాబట్టి ఈ రెండూ మీ ఇద్దరికీ నోటికి వచ్చి ఉండాలి. మీరు చూసే రివ్యూలో ఆ మనిషి వీటి గురించి ఒక్క మాటైనా చెప్పాడంటే ఆయన నిజంగా వాడుతున్నాడని అర్థం.

వేడి హెచ్చుతగ్గుల గ్రాఫులు చూపిస్తూ పది నిమిషాలు మాట్లాడే వీడియోలు మీరు వదిలెయ్యొచ్చు. 225 పెడితే 215కూ 240కీ మధ్య ఊగుతోందని కొందరు గుండెలు బాదుకుంటారు. నాలుగు గంటలు ఉడికే మాంసానికి ఆ తేడా తెలియదు. జాలీ నిండా బిస్కెట్ పిండి ముద్దలు పరిచి కాల్చి, ఎక్కడ మాడాయో ఎక్కడ తెల్లగా ఉండిపోయాయో చూపించేవాళ్లుంటారు. ఆ వీడియో తప్పకుండా చూడండి. పదిహేను మందికి వండేటప్పుడు ఒక పక్క చికెన్ మాడి ఇంకో పక్క పచ్చిగా ఉండే గ్రిల్ మీకు పనికిరాదు. అలాగే పెట్టె మీద రాసిన చదరపు అంగుళాల లెక్కలో పై అర కూడా కలిపి ఉంటుంది. కింది జాలీ వైశాల్యం విడిగా ఎంతో కనుక్కోండి.

ఆ వీడియోల్లో మీకు దొరకనిది మన వంట. వాళ్లు వండేది బ్రిస్కెట్ (ఆవు రొమ్ము మాంసం), పంది భుజం, తోలుతో ఉన్న కోడి. అన్నిటికీ కొవ్వు దండిగా ఉంటుంది. మనం తెచ్చుకునేది స్కిన్‌లెస్ చికెన్, కొవ్వు తక్కువగా ఉండే మేక మాంసం. 225 దగ్గర వాళ్లు చేసినట్టే మీరు స్కిన్‌లెస్ ముక్కలు పెడితే అవి పైన ఎండిపోయి తోలులా తయారవుతాయి, అప్పుడు గ్రిల్ మంచిది కాదనుకుంటారు. పెరుగు, అల్లంవెల్లుల్లి, కారం పట్టించిన కోడి తొడ ముక్కలను (థైస్) 375 నుంచి 400 మధ్య పెట్టి, మధ్యలో ఒకసారి నూనె రాసి తిప్పండి. కోడి మాంసం లోపల కనీసం 165 డిగ్రీలు చేరాలన్నది ఇక్కడి వ్యవసాయ శాఖ చెప్పే హద్దు. థైస్ 175, 180 దాకా వెళ్తే ఇంకా మెత్తగా ఉంటాయి. బ్రెస్ట్ ముక్కలు మాత్రం 165 కాగానే తీసెయ్యాలి. చేతిలో పట్టుకునే థర్మామీటర్ ఒకటి తప్పకుండా కొనుక్కోండి.

మేక తొడ అయితే 225 దగ్గర రెండు గంటలు పొగ పట్టనిచ్చి, తర్వాత ఉల్లిపాయలు, కాసిని నీళ్లు వేసిన లోతైన ట్రేలో పెట్టి ఫాయిల్‌తో బిగించి, వేడి 300కి పెంచండి. లోపల 200 దగ్గరికి వచ్చేసరికి ఎముక నుంచి ఊడి వస్తుంది. కింద మిగిలిన రసం అన్నంలోకి ఎంత బాగుంటుందో చెప్పలేను. పెల్లెట్ గ్రిల్ నిజంగా గొప్పగా చేసే పని ఇదే. మీరు చుట్టాలతో మాట్లాడుతుంటే అది తన పని తాను చేసుకుపోతుంది.

తందూరీలా అంచులు మాడిన చికెన్ కావాలంటే మాత్రం ముందే చెప్తున్నాను, మామూలు పెల్లెట్ గ్రిల్ నిరాశ పరుస్తుంది. తందూర్ లోపలి వేడి 900 డిగ్రీల దాకా వెళ్తుంది. ఈ గ్రిల్స్‌లో చాలావాటికి 500 పైహద్దు, అదీ రేకు అడ్డంగా ఉన్న సెగ. పిట్ బాస్ మోడళ్లలో చాలావాటికి అడుగున రేకు పక్కకు జరిపి నేరుగా మంట తగిలేలా చేసుకోవచ్చు. క్యాంప్ చెఫ్‌కు పక్కన తగిలించే గ్యాస్ బర్నర్ విడిగా దొరుకుతుంది. మీ ఇంట్లో పది సార్లలో ఎనిమిది సార్లు కబాబులు, తందూరీ ముక్కలే అయితే వీటన్నిటికన్నా బొగ్గులు వేసే కెటిల్ గ్రిల్ మేలు, ధర కూడా చాలా తక్కువ. మీ వారిని ఈ ఒక్క ప్రశ్న మనసారా అడగండి: ఆయనకు కావలసింది పొగ పట్టిన మెత్తటి మాంసమా, నిప్పుల మీద కాలిన ముక్కా? ఆ జవాబు వస్తే మీ వీడియోలు సగం తగ్గిపోతాయి.

మీ అత్తగారి సంగతి ఏ రివ్యూలోనూ ఉండదు. కూరగాయలు పై అరలో పెట్టొచ్చు, విడి ట్రేలో పెట్టొచ్చు అని ఎవరైనా చెప్తారు. కానీ ఈ గ్రిల్ లోపల గాలి ఫ్యాన్‌తో తిరుగుతూ ఉంటుంది, గోడలకూ మూతకూ మాంసం జిడ్డు పడుతుంది. కొన్నాళ్లు వాడిన తర్వాత అందులో ఏది పెట్టినా ఆ వాసన తగులుతుంది. ఆ సంగతి దాచిపెట్టి పనీర్ ముక్కలు అందులోనే కాల్చి పెట్టడం నాకు సరిగా అనిపించదు. ఆవిడ కోసం చిన్న బొగ్గుల గ్రిల్ ఒకటి విడిగా కొనండి, దానిమీద మాంసం పెట్టనని మాటివ్వండి. మొక్కజొన్న పొత్తులు, వంకాయ బొగ్గుల మీదే బాగా కాలతాయి. పచ్చడికి కాల్చిన వంకాయ ఆవిడే స్వయంగా కాల్చుకుంటారేమో కూడా. ఆ చిన్న గ్రిల్ ఖర్చును మీ వెయ్యి డాలర్ల లెక్కలో ముందే వేసుకోండి.

రివ్యూ చేసిన మనిషి ఎక్కడుంటాడో కూడా చూసుకోండి. మిన్నెసోటా చలిలో పెల్లెట్లు సంచులు సంచులు అయిపోతున్నాయని ఒకాయన వాపోతే, డల్లాస్ ఎండలో మీకు ఆ బాధ ఉండదు. తక్కువ వేడి మీద గంటకు ఒకటి రెండు పౌండ్లు, ఎక్కువ వేడి మీద అంతకు రెట్టింపు దాకా అవుతాయని వేసుకోండి. మీకు ఇబ్బంది తేమతో, గాలివానలతో. పెల్లెట్లు తడిస్తే ఉబ్బి మళ్లీ పొట్టు అయిపోతాయి, ఆగర్‌లో గట్టిగా పట్టేస్తాయి. వాటిని గరాజ్‌లో మూతున్న బకెట్‌లో ఉంచండి, వాన సూచన ఉంటే హాపర్ ఖాళీ చెయ్యండి. గ్రిల్‌కు కవర్, దగ్గర్లో కరెంటు ప్లగ్గు కావాలి. రాజేసేటప్పుడు 300 వాట్ల దాకా లాగుతుంది, తర్వాత చాలా తక్కువే. వంట మధ్యలో కరెంటు పోతే ఇది ఆగిపోతుందని మాత్రం మర్చిపోకండి.

ఈ వారం ఇలా చెయ్యండి. రెండే రెండు మోడళ్లు ఎంచుకోండి, మిగతావి వదిలెయ్యండి. వాటిలో ఒక్కోదానికి ఏడాది పైన వాడినవాళ్ల వీడియోలు రెండు మూడు చూసి, కింద కామెంట్లో అడగండి: "ఇప్పుడెలా ఉంది? ఏదైనా భాగం మార్చారా? కంపెనీకి ఫోన్ చేస్తే పలికారా?" లక్షల మంది చూసే ఛానెల్‌లో మీ ప్రశ్న ఎవరికీ కనిపించదు. చిన్న ఛానెల్ ఆయన చాలాసార్లు ఆ రోజే జవాబిస్తాడు, ఒక్కోసారి పెరట్లోకి వెళ్లి ఫోటో తీసి మరీ పెడతాడు. ఇక కంపెనీ వెబ్‌సైట్‌లో ఇగ్నైటర్, కంట్రోలర్, ఫ్యాన్ విడిగా అమ్ముతున్నారో లేదో, ఎంతకు అమ్ముతున్నారో చూడండి. విడిభాగాలు దొరకని గ్రిల్ ఎంత చవకైనా వద్దు. రెండిట్లో ఏది మిగిలితే అది, ఊళ్లో తిరిగి ఇవ్వడానికి వీలున్న దుకాణంలో కొనండి.

ఇంటికి వచ్చాక, మాన్యువల్‌లో రాసినట్టు ఖాళీ గ్రిల్‌ను ఎక్కువ వేడి మీద నడిపి తయారీలో అంటిన నూనెలు కాల్చెయ్యండి. మొదటి వంటకు చుట్టాలను పిలవకండి. మీరు, మీ వారు, పిల్లలు, ఒక ట్రే థైస్. జాలీ మీద నాలుగు మూలలా, మధ్యలోనా ముక్కలు పెట్టి ఏది ముందు కాలిందో చూసుకోండి. ఎటో పక్క మరీ తేడా వస్తే, తిరిగి ఇచ్చే గడువు ఇంకా ఉండగానే దుకాణానికి తీసుకెళ్లండి.